పండ్ల తోట ఆదాయం ఏటికేడు మారిపోతుంటే ఇల్లు నడిపేదెలా? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న తోట మీద బతికే ఇళ్లలో మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలివి. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి కొన్నిచోట్ల జవాబు కాస్త పొడుగ్గా, కొన్నిచోట్ల కాస్త కోపంగా ఉండొచ్చు.

ధాన్యం పండించే వాళ్లకంటే పండ్ల రైతుకే ఆదాయం ఎందుకింత ఎగుడుదిగుడుగా ఉంటుంది?

ఇల్లు రోజు లెక్కన నడుస్తుంది. అప్పు నెల లెక్కన పెరుగుతుంది. చెట్టు మాత్రం ఏళ్ల లెక్కన కాస్తుంది. ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది.

మామిడి, ఆపిల్, అవకాడో, ఆలివ్, కొన్ని రకాల కమలా చెట్లకు ఏడాది విడిచి ఏడాది విరగకాసే గుణం ఉంది. ఒక ఏడు కొమ్మలు వంగేలా కాస్తే, చెట్టు దాచుకున్న పిండిపదార్థమంతా ఆ కాయలకే పోతుంది. పైగా కాయల్లోని గింజల నుంచి వచ్చే జిబ్బరెల్లిన్ల వంటి హార్మోన్లు తర్వాతి ఏటి పూమొగ్గలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. ఆపిల్‌లో ఈ సంగతి బాగా తెలిసిందే. అంటే ఈ ఏటి మంచి కాపే వచ్చే ఏటి కరువుకు సగం కారణం. వరి, మొక్కజొన్న లాంటి పంటలకు ఈ గుణం లేదు, వాటిని ఏ ఏటికాయేడు కొత్తగా విత్తుతాం.

రెండోది, పండు ఆగదు. ధర లేకపోతే ధాన్యం బస్తాలు మూలన పేర్చుకుని నాలుగు నెలలు కూర్చోవచ్చు. పండిన పండు నాలుగు రోజులు కూడా కూర్చోనివ్వదు. చుట్టుపక్కల తోటలన్నీ ఒకే వాతావరణంలో ఉంటాయి కాబట్టి అందరి సరుకూ ఆ రెండు మూడు వారాల్లోనే మార్కెట్‌లో పడుతుంది.

కాపు బాగుంటే డబ్బు కూడా బాగానే రావాలి కదా?

అలా అనుకునే చాలామంది మొదటి దెబ్బ తింటారు. సరుకు కొంచెం పెరిగితే ధర చాలా పడుతుంది, సరుకు కొంచెం తగ్గితే ధర చాలా లేస్తుంది. ఇంగ్లండ్‌లో ధాన్యం విషయంలో ఈ సంగతిని 1699లోనే చార్లెస్ డావెనెంట్ అనే ఆర్థిక రచయిత లెక్కలతో సహా రాశాడు. ఆ లెక్కలు అదే కాలపు గణాంకవేత్త గ్రెగరీ కింగ్‌వి అంటారు. నిల్వ ఉండని పండు దగ్గరికొచ్చేసరికి ఇది ఇంకా కటువుగా పనిచేస్తుంది.

అందుకే నష్టం వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇది అందరికీ వచ్చిన నష్టమా, మన ఒక్కరికే వచ్చిందా? అందరి తోటల్లోనూ పూత రాలిపోతే మిగిలిన కాయలకు మంచి ధర వచ్చి కొంతైనా పూడుతుంది. కానీ ఆ ఏడు చేబదులు ఇచ్చేవాడు ఊళ్లో ఉండడు, అందరివీ ఖాళీ జేబులే. మన తోట మీదే వడగళ్లు పడితే సరుకూ పోతుంది, ధరా పెరగదు. కానీ పక్కవాళ్ల దగ్గర డబ్బుంటుంది, అడగడానికి దారి ఉంటుంది. భారతదేశంలోని కొన్ని గ్రామాల కుటుంబాల లెక్కలను పరిశీలించి 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త చూపించింది ఇదే: ఒక ఇంటికి వచ్చిన కష్టం ఆ ఇంటి తిండి ఖర్చును అనుకున్నంతగా కుదిపేయదు, ఊరంతా ఏదో ఒక రూపంలో దాన్ని పంచుకుంటుంది. ఊరంతటికీ ఒకేసారి వచ్చిన కష్టాన్ని మాత్రం పంచుకునేవాడు ఉండడు. దానికి ఊరి బయటి ఆసరా కావాలి.

ఏడాదికోసారి వచ్చే డబ్బును పన్నెండు నెలలకు ఎలా సర్దాలి?

ముందు ఆ పన్నెండును పద్నాలుగు చేసుకోండి. కాపు రెండు మూడు వారాలు వెనకబడుతుంది, అమ్మిన సరుకు డబ్బు చేతికి రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. పన్నెండు నెలలకు కొలిచినట్టు సర్దిన డబ్బు కోతకు ముందు నెలలోనే అయిపోతుంది. సరిగ్గా అప్పుడే కూలీలకు, పెట్టెలకు, బండికి కావాలి.

ఇక ఎంత ఖర్చు పెట్టుకోవచ్చు? ఐదేళ్ల లెక్క తీయండి. తోట ఖర్చులు పోగా మిగిలింది వరసగా 100, 40, 120, 60, 80 భాగాలు అనుకుందాం. సగటు 80. చాలామంది ఇక్కడ ఆగిపోయి, ఏడాదికి 80 ఖర్చు పెట్టుకోవచ్చు అనుకుంటారు. వేసి చూడండి. మొదటి ఏడు 20 మిగులుతుంది, రెండో ఏడు 40 తక్కువ పడుతుంది, అంటే రెండో ఏటికే 20 అప్పు. అదే 60తో ఇల్లు నడిపితే మొదటి ఏడు 40 మిగులు, రెండో ఏడు అందులో 20 పోతుంది, మూడో ఏడు 60 కలుస్తుంది, నాలుగో ఏడు సమానం, ఐదో ఏడు ఇంకో 20. చివరికి చేతిలో 100, ఏడాదిన్నర ఖర్చుకు పైమాటే. తోట మారలేదు, కాపు మారలేదు. సగటుకు పావు వంతు తగ్గించి బతకడమే తేడా.

ఆ లెక్క కూడా మంచి ఏడుతో మొదలైంది కాబట్టి అంత సాఫీగా ఉంది. చెడ్డ ఏడుతో మొదలైతే మొదట్లో అప్పు తప్పదు. అప్పుడు మొదటి మంచి ఏటి మిగులంతా దానికే పోతుందని ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. లేకపోతే మంచి ఏడు రాగానే అందరి కోరికలూ ఒకేసారి నిద్రలేస్తాయి.

మా అమ్మ పద్ధతి ఇంకా మొరటుగా ఉండేది. కాపు డబ్బు రాగానే పాత బిస్కెట్ డబ్బాలో కవర్లు పెట్టేది. ఒక్కో కవరు మీద నెల పేరు ఉండేది, చివరి రెండు కవర్ల మీద ఏ పేరూ ఉండేది కాదు. మేం వాటిని ‘పేరులేని నెలలు’ అనేవాళ్లం. ఒక నెల కవరు ముందే అయిపోతే తర్వాతి నెల కవరు ముట్టనిచ్చేది కాదు, ఆ వారం ఏదో ఒకటి తగ్గేది. ఇప్పుడైతే బ్యాంకు ఖాతాలో నెలనెలా ఒక తారీఖున ఇంటి ఖాతాకు కొంత మారేలా పెట్టుకోవచ్చు. తోట ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు. పని అదే.

కాపు డబ్బు చేతికొచ్చిన నెలలోనే కరిగిపోతుంది. ఏం చేయాలి?

ఇది మనిషి బలహీనత కాదు, చేతిలో నగదు కనపడితే అడిగేవాళ్లు పెరుగుతారు, అంతే. కాబట్టి డబ్బును డబ్బు రూపంలో ఎక్కువ రోజులు ఉంచకండి. తర్వాతి సీజన్‌కు కావాల్సిన ఎరువు, డ్రిప్ పైపుల మరమ్మతు, పిల్లల ఫీజు, కొత్త పెట్టెలు ఆ నెలలోనే కొనేయండి, కట్టేయండి. కెన్యాలో మొక్కజొన్న రైతులతో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. పంట చేతికొచ్చిన వెంటనే, డబ్బు ఇంకా ఉన్నప్పుడే, ఇంటికే ఉచితంగా చేరుస్తాం అని ఎరువు అమ్మితే వాడకం బాగా పెరిగింది. ఎరువు వద్దనుకునే రైతులు కారు వాళ్లు, ఎరువు వేసే రోజుకు చేతిలో డబ్బు లేని రైతులు.

ఒక్క జాగ్రత్త. పురుగు మందులు మాత్రం ఇలా ముందే కొని పెట్టుకోకండి. వాటికి గడువు తేదీ ఉంటుంది, ఏ పురుగు వస్తుందో ముందే తెలియదు, పిల్లలున్న ఇంట్లో దాచడం మంచిది కాదు.

ముందు అప్పు తీర్చాలా, నిల్వ పెట్టాలా?

వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు. కానీ మొత్తం ఊడ్చి అప్పుకే కట్టేసి, రెండు నెలలకే మళ్లీ అదే మనిషి దగ్గరికి వెళితే కిందటిసారి కంటే ఎక్కువ వడ్డీ అడుగుతాడు. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి మిగిలింది అప్పుకు కట్టండి.

కొత్త అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ శాతం కంటే వాయిదా తేదీలు ముందు చూడండి. నెలనెలా కట్టే అప్పు నెల జీతం వచ్చేవాళ్ల కోసం తయారైంది. ఏడాదికోసారి డబ్బు చూసే ఇల్లు దాన్ని తీసుకుంటే ఆ వాయిదా కట్టడానికి ఇంకో అప్పు చేయాలి. కోత అయ్యాక కట్టే ఏర్పాటు ఉన్న అప్పు, ఒక శాతం ఎక్కువైనా, చాలాసార్లు అదే చవక.

పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు కదా? ఇవ్వొచ్చా?

టెన్షన్ ఉండదు, నిజమే. అయితే ఆ నిశ్చింతకు ఎంత కడుతున్నారో ఒకసారి లెక్క వేయండి.

నాలుగు నెలల తర్వాత 100 వచ్చే తోటకు గుత్తదారు ఇప్పుడు 80 ఇస్తానన్నాడనుకుందాం. కోత కూలి, బండి ఖర్చు అతనివే. అవి 8 అనుకుంటే మీకు నిజంగా మిగిలేది 92 కదా. తేడా 12. చేతికొచ్చిన 80 మీద 12 అంటే నాలుగు నెలలకు నూటికి 15, ఏడాదికి నూటికి 45. దాన్ని అచ్చంగా అప్పు వడ్డీలా చూస్తే దారుణం. కానీ అందులో కొంత వడ్డీ కాదు, బీమా. పూత మాడినా, గాలివాన వచ్చినా నష్టం అతనిది. అంటే ఒక్క కాగితంలో అప్పు, బీమా, కూలీల కాంట్రాక్టు మూడూ కలిసి ఉన్నాయి. వీటిలో మీకు నిజంగా కావాల్సింది ఏది? డబ్బు అవసరమే అయితే వేరేచోట అంతకంటే తక్కువ వడ్డీకి దొరకొచ్చు. భయమే అయితే బీమా ఉందేమో చూడండి. కోతకు మనుషులు దొరక్కపోవడమే సమస్య అయితే కోత మాత్రమే కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు. మూడూ కావాలంటే గుత్త సబబే, అందులో తప్పేం లేదు.

ఎప్పుడిస్తున్నారన్నది కూడా ముఖ్యం. పూత మీద ఇస్తే ధర అతి తక్కువ, ఎందుకంటే పూతలో నిలిచేది చాలా కొద్ది. పిందె నిలిచాక ఇస్తే కొంచెం మేలు. కాయ గోలీకాయ సైజు దాటాక ఇస్తే అసలు రాలుడు చాలావరకు అయిపోయి ఉంటుంది, బేరంలో మీ మాటకు బరువుంటుంది.

అందరూ మర్చిపోయేది చెట్టు సంగతి. ఒక్క ఏడాదికి గుత్త తీసుకున్నవాడికి వచ్చే ఏటి కాపుతో పనిలేదు. పూత రప్పించడానికి ప్యాక్లోబ్యూట్రజాల్ లాంటి మందు పాదుల్లో మోతాదు మించి పోస్తే ఆ ఏడు పూత బాగానే వస్తుంది, తర్వాత చెట్టు చిగురు వేయడానికే ఇబ్బంది పడుతుంది. మేం ఒకసారి నోటిమాట మీద ఇచ్చాం. తోట మళ్లీ చేతికొచ్చేసరికి కాయ అందలేదని పైకొమ్మలు విరిచేసి ఉన్నాయి, గట్టు మీద ఖాళీ సీసాలు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ కొమ్మ నరకొచ్చు, డబ్బు ఎన్ని విడతల్లో ఇవ్వాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చివరి విడత ముట్టేదాకా చివరి కోత జరగకూడదు.

సగం చెట్లు గుత్తకిచ్చి సగం ఉంచుకోవడం ఒక మధ్యేమార్గం. నాకు ఇది బాగా నచ్చుతుంది. గుత్త డబ్బుతో ఖర్చులు గడుస్తాయి, మిగతా సగం మీద మంచి ధర పట్టుకునే అవకాశం ఉంటుంది.

కొత్త తోట కాపుకొచ్చే దాకా ఏం తినాలి?

బొప్పాయి తొమ్మిది, పది నెలల్లో కాయ ఇస్తుంది. అరటి ఏడాది అటూ ఇటూ. అంటు జామ రెండు మూడేళ్లు. అంటు మామిడి మొదటి చెప్పుకోదగ్గ కాపుకు నాలుగైదేళ్లు. మాంగోస్టీన్‌కైతే ఏడు నుంచి పదేళ్లు ఆగాలి. ఈ వరసే మీ ప్లాన్. నిదానంగా కాసే చెట్ల మధ్య తొందరగా కాసేవి పెట్టుకుంటే పెద్ద చెట్టు నీడ కమ్మేలోపు చిన్నవి తమ పని చేసి తప్పుకుంటాయి.

అంతర పంట ఎంచుకునేటప్పుడు అసలు చెట్టుకు నీరు వద్దనే రోజుల్లో దీనికి నీరు కావాల్సి వస్తుందా అని చూడండి. మామిడికి పూతకు ముందు కొన్నాళ్లు పొడి ఉండాలి. మధ్యలో రోజూ తడి పెట్టే కూరగాయలు వేస్తే పూతకు బదులు చిగురు వస్తుంది. పప్పుధాన్యాలు బాగా సరిపోతాయి, తక్కువ నీటితో అవుతాయి, నేలకు నత్రజని ఇస్తాయి.

భూమంతా ఒకే ఏడు నాటేయకండి. మూడు విడతలుగా నాటితే ముసలి చెట్లు తీసేయాల్సిన రోజు కూడా మూడు విడతలుగానే వస్తుంది.

ఒకే రకం పెడితే మంచిదా, నాలుగు రకాలా?

ఒకే రకం పెడితే అమ్మకం సులువు. కొనేవాడు బండి నిండా ఒకే సరుకు కావాలంటాడు. కానీ తెగులు వస్తే తుడిచిపెట్టుకు పోతుంది. ఒకప్పుడు ప్రపంచమంతా ఎగుమతి అయిన అరటి గ్రోస్ మిషెల్ అనే రకం. పనామా తెగులు దెబ్బకు 1950లు, 60ల్లో దాన్ని తీసేసి కావెండిష్ అనే రకం పెట్టారు. ఇప్పుడు ఆ కావెండిష్‌నే పట్టే టీఆర్4, అంటే పనామా తెగులులోనే ఇంకో రకం, 2019లో కొలంబియా దాకా వెళ్లింది. ఫ్లోరిడాలో 2005లో బయటపడిన సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులు అక్కడి నారింజ సాగును కోలుకోలేని దెబ్బ కొట్టింది. పెద్ద కంపెనీలు తోటలు వేరే చోటికి మార్చుకోగలవు. రెండెకరాల రైతు ఎక్కడికి పోతాడు?

నా మటుకు నేను రెండు ముఖ్యమైన రకాలు, గట్ల వెంట మూడోది కొంచెం అంటాను. ఆ రెంటిలో ఒకటి ముందు కోతకు, ఒకటి ఆలస్యపు కోతకు వచ్చేవైతే డబ్బు రెండుసార్లు చూస్తారు, కూలీల మీద ఒత్తిడీ చీలిపోతుంది. అంతకుమించి పదిహేను రకాలు పెట్టుకుంటే అది సరదా తోట అవుతుంది.

ఏడాది విడిచి ఏడాది కాపును సరిచేయలేమా?

పూర్తిగా కుదరదు, తగ్గించొచ్చు. విరగకాసిన ఏడు పిందె దశలోనే కొన్ని తీసేయడం, కోత అవగానే కత్తిరింపు చేయడం, కాయను అవసరానికి మించి చెట్టు మీద ఉంచకపోవడం, ఈ మూడూ పనిచేస్తాయి. మొదటిదానికి గుండె ధైర్యం కావాలి. నిక్షేపంలాంటి పిందెలు చేత్తో తెంపి నేల మీద వేస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడటం మానేస్తారు. ఉన్నవి పెద్ద సైజుకు వచ్చి మంచి గ్రేడ్‌లో పడినప్పుడు మళ్లీ మాట్లాడతారు.

ధర పడినప్పుడు కోత ఆపొచ్చా? నిల్వ పెట్టొచ్చా?

అది పండును బట్టి ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక పోగొట్టుకున్న డబ్బు తక్కువేం కాదు.

మామిడి, అరటి, బొప్పాయి, జామ, ఆపిల్ లాంటివి ముదిరాక కోస్తే చెట్టు దిగాక కూడా పండుతాయి. కాబట్టి కొన్ని రోజులు అటూ ఇటూ జరపొచ్చు. ద్రాక్ష, నారింజ, దానిమ్మ, అనాస, స్ట్రాబెర్రీ అలా కాదు. కోసిన క్షణం ఎంత తీపి ఉందో అంతే, తర్వాత పెరగదు. ధర బాగుందని తొందరపడి పచ్చివి కోస్తే సరుకూ పోతుంది, పేరూ పోతుంది.

అవకాడోది విచిత్రం. చెట్టు మీద ఉన్నంతకాలం అది మెత్తబడదు, కోశాకే పండుతుంది. కాబట్టి ముదిరిన కాయను కొన్ని వారాలు చెట్టు మీదే ఆపొచ్చు. కొన్ని నారింజ జాతులకూ ఈ వెసులుబాటు ఉంది. చెట్టే గోదాము అన్నమాట. అయితే ఆ గోదాముకూ అద్దె ఉంది. ఎక్కువ రోజులు వేలాడనిస్తే వచ్చే ఏటి పూత తగ్గుతుంది.

చల్లని గదిలో పెడితే అన్నీ ఆగుతాయనుకోవద్దు. ఆక్సిజన్ తగ్గించిన గదుల్లో ఆపిల్ నెలల తరబడి ఉంటుంది. అరటిని 13 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే తొక్క నల్లబడుతుంది. మామిడి కూడా చలికి దెబ్బతింటుంది, ఎంత జాగ్రత్త చేసినా రెండు మూడు వారాలకు మించి ఆశ పెట్టుకోకూడదు. గది అద్దె, తరుగు, కరెంటు పోయే భయం, ఇవన్నీ పోగా ధర ఎంత పెరిగితే గిట్టుబాటవుతుందో ముందు లెక్క వేయండి.

మిగిలిన పండ్లతో జామ్, గుజ్జు, ఎండు ముక్కలు చేసి అమ్మితే?

చేయొచ్చు గానీ అది ఇంకో వ్యాపారం. సీసాలు, చక్కెర, గ్యాస్, లైసెన్సు, అమ్మిపెట్టే దుకాణం, అన్నిటికీ ముందే పెట్టుబడి కావాలి. డబ్బు లేకే ఇబ్బంది పడుతున్న నెలలో దీన్ని మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ముందు ఒక్క సీజన్ మచ్చపడ్డ కాయలతో కొద్దిగా ఎండబెట్టి చూడండి. మంచి కాయ ఎప్పుడూ పండుగానే ఎక్కువ పలుకుతుంది.

పంట బీమా నిజంగా ఆదుకుంటుందా?

కొన్నిసార్లు. బీమాలో రెండు రకాల సంగతి చెప్తాను. ఒకటి మీ తోటకొచ్చి నష్టం చూసి ఇచ్చేది. రెండోది వాతావరణ బీమా. దగ్గర్లోని వాతావరణ కేంద్రంలో వాన, ఉష్ణోగ్రత ఒక గీత దాటితే అందరికీ ఒకేలా ఇస్తుంది, ఎవరూ తోటకు రారు. రెండోదానిలో డబ్బు తొందరగా వస్తుంది, చూసేవాడికి చేయి తడపాల్సిన పనీ ఉండదు. కానీ వడగళ్లు మీ గట్టు మీద పడి, కేంద్రం దగ్గర ఎండ కాస్తే ఒక్క పైసా రాదు. వడగళ్లు ఎంత సన్నటి పట్టీలో పడతాయో తోటలున్న వాళ్లకు చెప్పక్కర్లేదు, దారికి అటువైపు చెట్ల కింద పిందెల పరుపు, ఇటువైపు ఆకు కూడా రాలదు.

కాబట్టి పాలసీ తీసుకునే ముందు ఏ నెల, ఏ ప్రమాదం, కొలత ఎక్కడ తీస్తారు అని అడగండి. మీ తోటకు అసలు గండం పూత సమయంలో అయితే కోత సమయం వానకు బీమా ఎందుకు? నష్టం జరిగిన రోజే తేదీ కనిపించేలా ఫొటోలు తీసిపెట్టుకోండి. ఆ డబ్బు ఫలానా నెలలో వస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి.

పది మంది రైతులం సంఘంగా చేరితే లాభముందా?

చేరాలి. దక్షిణ కాలిఫోర్నియా నారింజ రైతులు తమ సరుకును ఏజెంట్ల దయకు వదిలేసి నష్టపోయి, 1893లో సొంత అమ్మకపు సంఘం పెట్టుకున్నారు. తర్వాత అదే సన్‌కిస్ట్ అనే పేరున్న పండ్ల సంస్థ అయింది. సంఘం ఇచ్చేది ఎక్కువ ధర ఒక్కటే కాదు. వారమంతా అమ్మిన సరుకు ధరను కలిపి సగటు ఇస్తే, సోమవారం ధర పడిన రైతూ శుక్రవారం ధర లేచిన రైతూ ఇద్దరూ నిలబడతారు.

సంఘాలు విరిగేది ఆ శుక్రవారం నాడే. బయట ధర ఎక్కువుందని ఒకరు రాత్రికి రాత్రి సరుకు బయటికి పంపేస్తారు. మా నాన్న చేరిన సంఘం అలాగే పోయింది. రెండో సీజన్‌లో మొదట బయట అమ్ముకున్నది కోశాధికారే. కాబట్టి మొత్తం సరుకు సంఘానికే అని కాకుండా ఇంత వంతు అని పెట్టుకుంటే మాట నిలుస్తుంది. సరుకు అప్పగించిన రోజే సగం డబ్బు ఇవ్వగలిగితే ఇంకా నిలుస్తుంది.

ఇంట్లో ఒకరు బయట ఉద్యోగానికి వెళితే తోట పాడవదా?

చిన్నదైనా నెలనెలా వచ్చే డబ్బు ఒకటి ఇంట్లో ఉంటే తోట బతుకుతుందని నా అనుభవం. పాలు, గుడ్లు, కుట్టు మిషన్, బడిలో వంట పని, దూరాన ఉన్న కొడుకో కూతురో పంపేది, ఏదైనా సరే. ఆ కొద్ది డబ్బు రోజు ఖర్చు మోస్తే పండును తొందరపడి అమ్మాల్సిన గతి పట్టదు. తేనెటీగల పెట్టెలు తోటకు మంచి జోడీ, పూతకూ మేలు. కాకపోతే పూత మీద మందు కొట్టే అలవాటు మానుకోవాలి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ అదనపు సంపాదన చాలా ఇళ్లలో ఆడవాళ్ల నిద్రలోంచి వస్తుంది. తోట పని, ఇంటి పని, దాని మీద ఇది. లెక్కల పుస్తకంలో ఆ గంటలకు గడి ఉండదు. పెట్టండి.

కోతకు ముందు నెలల్లో ఇంట్లో రోజూ గొడవలే. ఇది మాకేనా?

మీకే కాదు. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు వచ్చాక ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. అదే రైతు డబ్బు లేని రోజుల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. బుర్రంతా లోటు చుట్టూనే తిరుగుతుంటే మిగతా వాటికి చోటుండదు.

కాబట్టి పెద్ద నిర్ణయాలు ఆ నెలల్లో చేయకండి. భూమి అమ్మడం, గుత్త సంతకం, పిల్లల చదువు మాన్పించడం, పెళ్లి ఖర్చు ఒప్పుకోవడం, ఏదైనా కోత అయిన రెండో వారంలో కూర్చుని మాట్లాడుకునేలా చూడండి. లెక్కల పుస్తకం ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి. మా ఇంట్లో అది తలుపు వెనక మేకుకు దారంతో వేలాడేది. ఎవరు తీసుకున్నా ఎంత, దేనికి అని వాళ్లే రాయాలి. ‘బీడీలు’ అని నాన్న తన చేత్తో రాయాల్సి రావడం వల్ల ఒక ఏడు బీడీలు సగానికి తగ్గాయి.

ఏమీ మిగల్లేదు. ఇక ఏదో ఒకటి అమ్మాలి. ఏది ముందు?

మళ్లీ తెచ్చుకోగలిగినవి ముందు. బంగారం, మేకలు, టీవీ, బండి. తర్వాత సంపాదనకు పనికొచ్చేవి: పంపు సెట్టు, స్ప్రేయర్. చెట్లు, భూమి అన్నిటికంటే చివర. పిల్లల చదువు ఈ జాబితాలోనే లేదు, ఎందుకంటే ఒక ఏడు మాన్పిస్తే చాలామంది మళ్లీ వెళ్లరు.

బయటికి కనపడని అమ్మకం ఒకటుంది. డబ్బు లేదని కత్తిరింపు మానేయడం, ఎరువు సగం వేయడం, ఎండు కొమ్మలు అలాగే వదిలేయడం. ఇవి అప్పుల పుస్తకంలో కనపడవు, వచ్చే ఏటి కాపులో కనపడతాయి. చేతిలో ఉన్నది తక్కువైతే తోటంతా సగం సగం చూసే బదులు మంచి చెట్లు సగం ఎంచుకుని వాటిని పూర్తిగా చూడండి.

వరసగా మూడేళ్లు నష్టం. తోట కొట్టేయాలా?

మూడేళ్లూ కాపు లేకనా, ధర లేకనా? కాపు లేక అయితే కారణం నేలలోనో, నీటిలోనో, వేర్లలోనో ఉంటుంది. దాన్ని తేల్చకుండా అదే చోట ఇంకో తోట పెడితే అదే కథ. ధర లేక అయితే చెట్టు తప్పు కాదు, రకం తప్పు. అప్పుడు చెట్టు కొట్టేయకుండా పైభాగం నరికి, ఆ మోడు మీదే కొత్త రకం అంటు కట్టొచ్చు. వేర్లు పాతవే కాబట్టి కొత్త మొక్క కంటే ముందే కాపుకొస్తుంది, చాలా పండ్లలో రెండు మూడేళ్లు చాలు. న్యూజీలాండ్‌లో 2010లో పీఎస్ఏ అనే బ్యాక్టీరియా తెగులు వచ్చి పసుపు కివీ రకం తుడిచిపెట్టుకుపోయినప్పుడు రైతులు చాలాచోట్ల పాత వేర్ల మీదే కొత్త రకం అంటుకట్టి తోటలు నిలబెట్టుకున్నారు.

ఒకేసారి మొత్తం నరకకండి. మొదటి ఏడు మూడో వంతు చెట్లు, అదీ తక్కువ కాసేవి చూసి. పిందె దశలోనే ఏ చెట్టు తక్కువ కాస్తుందో సున్నంతో గుర్తు పెట్టి ఉంటే ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదు.